మీకు తెలుసా? పసిగుడ్డుకు వణకడం రాదు

తెలంగాణలో చలి ముదిరిందంటే వార్తల్లో ముందుగా వినిపించే పేర్లలో కోహీర్ ఒకటి. అది మన సంగారెడ్డి జిల్లాలోదే. నారాయణఖేడ్, కంగ్టి, మనూరు వైపు ఊళ్లలో, తండాల్లో కూడా పుష్యమాసపు తెల్లవారుజాము ఎముకలు కొరుకుతుంది. పెద్దవాళ్లకు వణుకొస్తుంది, ఆ వణుకే ఒంట్లో వేడి పుట్టిస్తుంది. అప్పుడే పుట్టిన బిడ్డకు వణకడం రాదు. మెడ వెనక, వీపు పైభాగాన దాచుకున్న గోధుమరంగు కొవ్వును కరిగించుకుని వెచ్చబడుతుంది. నెలలు నిండకుండా పుడితే ఆ కొవ్వూ తక్కువే.

చల్లబడిన బిడ్డ పాలు సరిగా తాగదు. తాగకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. జ్వరమొస్తే ఇల్లంతా కంగారుపడుతుంది గానీ, ఒళ్లు చల్లబడి మగతగా ఉంటే హాయిగా నిద్రపోతోందనుకుంటారు. అందుకే చలి నాకు జ్వరం కన్నా ఎక్కువ భయం కలిగిస్తుంది. దాన్ని పసిగట్టడానికి మీ చెయ్యి చాలు. బిడ్డ పొట్టను, పాదాలను తాకి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే మేలు. పాదాలు మాత్రమే చల్లగా ఉంటే బిడ్డ చలితో పోరాడుతోంది. పొట్ట కూడా చల్లబడితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పుట్టగానే స్నానం చేయించడం మన ఇళ్లలో పాత అలవాటు. కనీసం 24 గంటలు ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ముర్రుపాలు పిండి పారబోయడం, తేనె నాకించడం, బొడ్డుకు పసుపో బూడిదో పెట్టడం కూడా మానాల్సినవే.

1978లో కొలంబియా దేశపు బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక, డాక్టర్ ఎడ్గార్ రే తక్కువ బరువు బిడ్డలను తల్లి ఎదకు ఒంటికి ఒళ్లు ఆనేలా కట్టించారు. అదే కంగారూ పద్ధతి. మన దేశంతో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో జరిగి 2021లో వెలువడిన పరిశోధన దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లింది. కిలో నుంచి కిలో ఎనిమిది వందల గ్రాముల లోపు బిడ్డలను కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి ఎదపై ఉంచితే, మొదటి 28 రోజుల్లో మరణాలు 25 శాతం తగ్గాయి. తల్లికి వీలుకాకపోతే తండ్రి, నాయనమ్మ, అమ్మమ్మ ఎవరైనా ఎదకు హత్తుకోవచ్చు.

ఆశా కార్యకర్త ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను చూడటానికి 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలి. ఈ ఏర్పాటుకు బాట వేసినవారు మన పొరుగునే ఉన్న గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు. ఊరి మహిళలకే శిక్షణ ఇచ్చి, 39 గ్రామాల్లో నవజాత మరణాలను 62 శాతం తగ్గించి 1999లో లోకానికి చూపించారు.

నారాయణఖేడ్ నుంచి పెద్ద వైద్యం కోసం వెళ్లేది ముందు సంగారెడ్డికి, అక్కడా కుదరకపోతే హైదరాబాద్ నిలోఫర్‌కు. నిజాం కోడలు నిలోఫర్ తన పరిచారిక కాన్పులో చనిపోవడం చూసి తల్లడిల్లి కట్టించిన ఆసుపత్రి అది. 1953లో మొదలైంది. కానీ ఖేడ్ నుంచి అక్కడికి వంద కిలోమీటర్లకు పైనే. ఎంత మంచి వైద్యమైనా, దారిలో చల్లబడి చేరిన బిడ్డ విషయంలో డాక్టర్ల పని కష్టమవుతుంది.

బిడ్డ పాలు తాగడం మానినా, నిమిషానికి 60 లేదా అంతకన్నా ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, మూర్ఛ వచ్చినా, అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా తెల్లారేదాకా ఆగకండి. వాతలు పెట్టించకండి. 108కి ఫోన్ చేయండి. బండి ఎక్కేటప్పుడు బిడ్డకు టోపీ తొడిగి, బట్టలు అడ్డం లేకుండా తల్లి ఎదకు ఆనించి, పైన దుప్పటి కప్పండి.