చెవితో చదివే పాఠం

సింగరేణి భూగర్భ గనుల్లో ఒక పాత పద్ధతి ఉన్నది. పని మొదలయ్యే ముందు సర్దారు కర్రతో పైకప్పును తట్టి చూస్తాడు. గట్టిగా మోగితే బండ భద్రం. డొల్లగా మోగితే ప్రమాదం. కంటికి కనిపించని బీటను చెవి పట్టుకుంటుంది. కాబట్టి చూపులేని బిడ్డ చెవితో చదువుకుంటుందంటే గోదావరిఖని వారికి వింతేమీ కాదు. చిక్కల్లా ఆ చెవికి పాఠం అందడంలోనే ఉన్నది.

కరోనా రోజుల్లో, 2020 సెప్టెంబరు 1న, తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు మొదలైనవి. రామగుండం క్వార్టర్లలోనూ బడి నట్టింట్లోకి వచ్చింది. అంతవరకు బాగానే ఉన్నది. కాని తెరమీద మాస్టారు గీత గీసి, “దీన్ని దీనితో కలిపితే ఇది వస్తుంది” అన్నారనుకోండి. ఏది? చూపులేని బిడ్డకు ఆ ‘ఇది’ ఏమిటో చెప్పేదెవరు? మాస్టారు బోర్డు వైపు తిరిగితే, వినికిడి లేని బిడ్డకు ఆయన పెదవుల కదలికైనా దక్కదు.

తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాధనాలు లేకపోలేదు. ఆస్ట్రేలియాలో చూపులేని యువకుడు మైకేల్ కరన్ 2006లో ప్రారంభించిన ‘ఎన్.వి.డి.ఎ.’ ఉచితంగా దొరుకుతుంది, తెలుగూ చదువుతుంది. అయితే పాఠం యూనికోడ్ అక్షరాలలో ఉండాలి. పాత అచ్చు ఫాంట్లలో పైకి కనబడేది తెలుగే అయినా, లోపల దాగినవి ఇంగ్లీషు గుర్తులు. యంత్రం వాటినే చదివి అయోమయం చేస్తుంది. పుస్తకం పేజీని ఫొటో తీసి పంపితే అసలు నోరే విప్పదు.

బొమ్మల సంగతీ అంతే. ‘గోదావరి పటం’ అని రాసి ఊరుకుంటే చాలదు. త్ర్యంబకం దగ్గర పుట్టి, తూర్పుగా పారి, బంగాళాఖాతంలో కలుస్తుందని రెండు మాటలు జోడిస్తే, చూడలేని బిడ్డ మనసులోనూ నది పారుతుంది. మాటలను తెర అడుగున అక్షరాల్లో వేసి, పక్కన సంజ్ఞాభాషలో చెప్పించితే వినలేని బిడ్డకూ పాఠం అందుతుంది.

ఇది దయాధర్మం కాదు, హక్కు. 21 రకాల వైకల్యాలను గుర్తించిన 2016 చట్టం, సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలన్నది.

పాఠం తయారు చేసేటప్పుడే ఈ జాగ్రత్త పడితే శ్రమ స్వల్పం. ముగిసిన తరువాత దిద్దబోతే కొండంత. సూత్రం ఒక్కటే: చూపేది చెప్పాలి, చెప్పేది చూపాలి. ఈసారి మీ పిల్లల ఫోనులో పాఠం మోగినప్పుడు, ఒక్క నిమిషం కళ్లు మూసుకుని వినండి. ఆ తరువాత ధ్వని ఆపి చూడండి. కప్పు ఎక్కడ డొల్లగా ఉన్నదో మీకే తెలుస్తుంది. అప్పుడు ఆ మాట బడిలో చెప్పడం మన వంతు.