వట్టి నారి వదలరాదు

ఉక్కుతో సంబంధమున్న సంస్థలలో పనిచేసే మనవంటి వారికి టాటానగర్ ఒక యాత్రాస్థలం వంటిది. కాలిమాటి అనే చిన్న రైల్వే స్టేషను 1919లో టాటానగర్ అయినది. అంతకు ఏడేళ్ళ ముందు, 1912లో, అక్కడి కర్మాగారంలో తొలి ఉక్కు దిమ్మ తయారయింది. పనిమీద ఆ ఊరు వెళ్ళివచ్చిన వారందరూ కొలిమి గురించో, రోలింగు మిల్లు గురించో ఈ పుటలలో వ్రాస్తుంటారు. మేమూ ఆ పనిమీదనే వెళ్ళాము. కాని వ్రాయబోయేది మాత్రం ఒక వెదురు విల్లు గురించి. దానిని విరిచినది మేమే కనుక, వ్రాయవలసిన బాధ్యత కూడ మాదే.

గత డిసెంబరులో వారం రోజులు అక్కడ ఉండవలసి వచ్చినది. బస కదమా ప్రాంతంలో, మా మిత్రుని దూరపు బంధువుల ఇంట. టాటానగర్‌లో తెలుగువారికి కొదవ లేదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి కర్మాగారంలో పనికని తరలివచ్చి, మూడు నాలుగు తరాలుగా స్థిరపడిపోయిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వారికి ఆంధ్ర సంఘం ఉన్నది, బిష్టుపూర్‌లో రామమందిరం ఉన్నది. మేము దిగిన ఇంటి పెద్దావిడ కోడలిగా వచ్చి యాభై ఏళ్ళు దాటినా ఆమె మాటలో సిక్కోలు యాస చెక్కుచెదరలేదు. మనుమరాలు మాత్రం తెలుగులో మొదలుపెట్టి హిందీలో ముగిస్తుంది. తొమ్మిదవ తరగతి చదువుతున్నది. ఆ ఇంటి ముందుగదిలో గోడకు, దేవుని పటం ప్రక్కనే, ఒక విల్లు వ్రేలాడుతున్నది.

అలంకారం కోసమనుకున్నాము. కాదట. ఆ అమ్మాయి అభ్యాసం చేసే విల్లు అది. మన దేశంలో జరిగే విలువిద్య పోటీలలో ‘ఇండియన్ రౌండ్’ అని ఒక విభాగం ఉన్నది. అందులో వెదురుతో గాని, కర్రతో గాని చేసిన విల్లునే వాడాలి. గురిచూపే సాధనం ఉండదు, విల్లు కదలకుండా నిలిపే కడ్డీలు ఉండవు. యాభై మీటర్ల నుంచి, ముప్పై మీటర్ల నుంచి, కేవలం కంటి అంచనాతో కొట్టాలి. ఒలింపిక్స్‌లో వాడే విల్లు, దానికి తగిన బాణాలు కొనాలంటే లక్ష రూపాయలు దాటిపోతుంది. కనుక మన పల్లెల పిల్లలు చాలామందికి ఈ విద్యలోకి వాకిలి వెదురు విల్లే. ఆదివారం నాడు ఎంపిక పోటీ ఉన్నదని, ఆరుగురిని తీసుకుంటారని ఆ అమ్మాయి చెప్పినది. మేము వెళ్ళినది మంగళవారం.

ఆ సాయంత్రం మేడమీద మాకు విల్లు పట్టే తీరు చూపినది. బాణం తొడిగి లాగి, వదలకుండా మెల్లగా దింపినది. మేమూ పట్టాము. బాణం లేకుండానే చెవిదాకా లాగి, చిన్ననాటి రామాయణ నాటకాలు జ్ఞాపకం వచ్చి, హుషారుగా వదిలివేశాము.

టపాకాయ ప్రేలినట్లు శబ్దమయినది. చేతిలో మిగిలినది పిడి, క్రింది కొమ్మ. పై కొమ్మ పిడికి జానెడు పైన నిలువునా చీలి, నారితో సహా వ్రేలాడుతున్నది. అమ్మాయి ఏడవలేదు. ఏడ్చినా మాకు కొంత తేలికగా ఉండేది. పెద్దావిడ పైకి వచ్చి చూచి, “ఏటి బాబూ ఇది! పిల్ల ఆదివారం పోటీకెల్లాల గదా!” అని మాత్రం అన్నారు.

వట్టి నారి వదలరాదు. విలువిద్యలో మొదటి రోజున చెప్పే మాట అదేనట. ఇంజనీరింగు చదివిన మాకు ముందే తట్టవలసినది. విల్లును లాగినప్పుడు మన కండబలం కొమ్మలలో నిలువ ఉంటుంది. వదలగానే ఆ శక్తిలో అధికభాగాన్ని బాణం తీసుకొనిపోతుంది. తీసుకొనిపోవడానికి బాణమే లేకపోతే అది తిరిగి కొమ్మల మీదనే పడుతుంది. పాత విల్లు, ఎండిన వెదురు తట్టుకోలేదు. ఈ సంగతి రాత్రంతా మాకు మేమే వివరించుకుంటూ పడుకున్నాము.

మరునాడు సెలవు పెట్టి, ఆ అమ్మాయిని, ఆమె తండ్రిని వెంటబెట్టుకొని ఆటోలో బయలుదేరాము. మాంగో వంతెన మీదుగా సువర్ణరేఖ దాటితే దళమా కొండలు ఎదురవుతాయి. ఏనుగుల అభయారణ్యం అది. ఆ కొండ పాదాన ఉన్న ఒక సంతాలుల పల్లెలో ఈ విల్లు చేసిన వృద్ధుడున్నాడు. సంతాలుల ఇండ్ల శుభ్రత చూచి తీరవలసినది. నున్నగా అలికిన మట్టిగోడలు, వాటిమీద రంగుల చారలు. పెద్దాయన వాకిట ఎండలో కూర్చొని ఉన్నాడు. విరిగిన ముక్కలు చేతికివ్వగానే చీలికను బొటనవ్రేలితో తడిమి, “బాణం లేకుండా వదిలారా?” అని హిందీలో అడిగాడు. అమ్మాయి మావైపు చూడలేదు. అది ఆ పిల్ల సంస్కారం. మేమే ఒప్పుకున్నాము.

కొత్త విల్లు ఎన్నాళ్ళకు అవుతుందని అడిగితే, “వచ్చే చలికాలానికి” అన్నాడు.

పరిహాసం కాదు. వెదురును మనకు తోచినప్పుడు నరకరాదు. మూడేళ్ళకు తక్కువ కాని బొంగు కావాలి. లేతది మెత్తగా ఉండి, వంచితే వంగినట్లే ఉండిపోతుంది. వానలు వెనుకబట్టి చలి ముదిరినప్పుడు నరకాలి. అప్పుడు బొంగులో పిండిపదార్థం తగ్గి ఉంటుంది, పురుగు పట్టదు. మనవైపు కూడ అమావాస్య ముందు వెదురు నరకాలని పెద్దలంటారు. నరికినదానిని చీల్చి, నీడన, పొయ్యి పొగ తగిలేచోట నెలల తరబడి ఆరనివ్వాలి. బోలు వెదురు పనికిరాదు. మనవారు సాధనపు వెదురు అనే, లోపల దాదాపు గట్టిగా ఉండే జాతి మేలు. అది దొరకనిచోట ధామన్ అనే చెట్టు కర్ర వాడతారు. బరువుకు వంగి, దించగానే నిటారుగా లేచే గుణం దానిది. కావడి బద్దలకు కూడ ఆ కర్రనే ఎన్నుకొనేవారు.

వచ్చే చలికాలమనగానే అమ్మాయి ముఖం చిన్నబోయినది. పెద్దాయన కొంతసేపు ఊరకుండి లోపలికి వెళ్ళి, పొయ్యిమీది అటుక నుంచి పొగచూరిన బద్ద ఒకటి తెచ్చాడు. ఏడాదిగా ఆరుతున్నదట. సంక్రాంతికి సంతాలులు జరుపుకొనే సక్రాత్ పండుగలో ‘బేఝా’ అని బాణాల పందెం ఉంటుంది. దూరాన పాతిన అరటిబోదెను కొట్టాలి. ఆ పందెం కోసం తనకని దాచుకున్న బద్ద అది. “నాకు పాతది ఉన్నది మయీ,” అన్నాడు అమ్మాయితో. సంతాలీలో ఆడపిల్లను అలా పిలుస్తారు.

ఆ రోజు, మరునాడు ఆయన ప్రక్కన కూర్చొని చూశాము. పనిముట్లు మూడే: ఒక కత్తి, అరిగిపోయిన ఆకురాయి, సీసాపెంకు. టేపు లేదు. అమ్మాయిని నిలబెట్టి ఆమె ఎత్తును బట్టి బద్ద కోశాడు. నడుమ పిడి దగ్గర మందం ఉంచి, చివరలకు పోనుపోను సన్నగా చెక్కాడు. వెదురు పైతొక్కను ఆనుకొని పీచు దట్టంగా ఉంటుంది, లోపలికి పోయేకొలది పలుచబడుతుంది. సాగదీసినా తెగని బలమంతా ఆ పైపొరలోనిదే. కాబట్టి కత్తి ఎప్పుడూ లోపలివైపే పోయినది. కణుపుల దగ్గర తప్ప పైతొక్క జోలికి పోలేదు. చెక్కడం గంటలో అయినది. మిగిలిన కాలమంతా వంచి చూడడమే. పిడిని మోకాలికి ఆనించి కొద్దిగా వంచుతాడు, కన్ను మూసి రెండు కొమ్మలను పోలుస్తాడు, బిరుసుగా ఉన్నచోట సీసాపెంకుతో నాలుగు గీతలు గీస్తాడు, మళ్ళీ వంచుతాడు. ఒకేసారి పూర్తిగా వంచడు. ఎక్కువ గీకినచోట తిరిగి అతికించే ఉపాయం లేదు కదా. మన తనిఖీ విభాగం వారు ఆ రెండు రోజులు అక్కడ ఉండి ఉంటే బాగుండుననిపించినది.

నారి కూడ వెదురే. నూలుత్రాడు కాదు, సన్నగా చీల్చి నున్నచేసిన వెదురు బద్ద. దాని రెండు కొసలకు త్రాడు ముడులు వేసి కొమ్మలకు తగిలిస్తారు. వానకు తడిసి సాగదు, వేళ్ళకు జారదు. మన మన్యంలో కోయలు సైతం ఇటువంటి నారినే వాడతారు. బాణం కాడ రెల్లుజాతి గడ్డిది. అది మరీ గట్టిగా ఉన్నా చేటే, మరీ మెత్తగా ఉన్నా చేటే. కర్రవిల్లులో బాణం నడిమిగుండా పోదు, పిడి ప్రక్కనుంచి పోవాలి. వదిలిన క్షణంలో అది చేపవలె మెలితిరిగి, పిడిని చుట్టుకొని, ఆపైన నిటారు అవుతుంది. కంటికి కనబడని ఈ మెలికకు సరిపడే కాడను వ్రేళ్ళతో వంచి చూచి ఏరుతాడు పెద్దాయన.

ఇదే లెక్కను మరొక మూలన మరొకరు మరొక చెట్టుతో సాధించారు. ఇంగ్లండులో మనిషెత్తు విల్లును యూ అనే చెట్టు కర్రతో చేసేవారు. ఆ కర్రలో పైనుండే తెల్లచెక్క సాగుతుంది, లోపలి చేవ నొక్కుడుకు ఓర్చుకుంటుంది. రెండూ కలిసి వచ్చేటట్లు ఒకే దుంగనుంచి కోస్తే ప్రకృతే అతికిపెట్టిన విల్లు దొరికినట్లే. 1545లో మునిగిపోయిన మేరీ రోజ్ అనే యుద్ధనౌకను 1982లో సముద్రం నుంచి పైకి తీశారు. అందులో నూటికి పైగా విల్లులు, వేలకొలది బాణాలు దొరికాయి. నాలుగువందల ఏండ్లకు పైగా నీటిలో ఉండి కూడ వాటి ఆకారం చెడలేదు.

పెద్దాయన లాగే తీరులో ఒక విశేషం గమనించాము. బొటనవ్రేలు నారికి తగలనివ్వడు. చూపుడు, నడిమి వ్రేళ్ళతోనే లాగుతాడు. ఏకలవ్యుడు ఇచ్చివేసిన వ్రేలిని మేమెలా వాడతామని ఇక్కడివారు చాలామంది అంటారు. అసలు సంగతేమంటే నేటి ఒలింపిక్ విలుకాండ్రు కూడ మూడు వ్రేళ్ళతోనే లాగుతారు, బొటనవ్రేలితో పనిలేదు. బొటనవ్రేలికి ఉంగరం తొడిగి లాగడం మంగోలుల పద్ధతి. మహాభారతకాలపు పద్ధతి ఏదో పండితులు తేల్చవలసినదే గాని, ద్రోణుడు అడిగినది తమకు అక్కరలేని వ్రేలని సంతాలులు నిరూపించినట్లు మాకు తోచినది.

ఈ నేలమీద విల్లు ఆటవస్తువు మాత్రమే కాదు. 1855లో సంతాలుల తిరుగుబాటు తుపాకులకు ఎదురు విల్లులతో నడచినది. 1899–1900లో బిర్సా ముండా వెంట నడచిన వారి చేతులలోనూ విల్లులే. 1922–24లో మన అల్లూరి సీతారామరాజు వెంట ఉన్న మన్యం వీరులను తెలుగువారు మరువలేరు. దళమా కొండలలో ఏటా వేసవిలో ‘సేంద్రా’ వేట పండుగ ఉన్నది. వన్యప్రాణి చట్టం 1972లో వచ్చిన తరువాత వేట నేరం. అటవీశాఖవారు వద్దంటారు, పెద్దలు ఆచారమంటారు. విల్లు పట్టుకొని కొండ ఎక్కి, పూజ చేసి దిగివస్తే చాలదా అని పెద్దాయనను అడిగాము. “ఏనుగుకు కూడ కొండ కావాలి కదా,” అన్నాడాయన. అవునన్నాడో కాదన్నాడో మాకు ఇప్పటికీ తెలియదు.

ఊరిలో 1996లో టాటా ఆర్చరీ అకాడమీ వెలసినది. రాంచీ దగ్గరి పల్లెలో వెదురు విల్లుతో మొదలుపెట్టిన దీపికా కుమారి 2006లో అక్కడ చేరి, 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలలో రెండు స్వర్ణాలు, 2012లో ప్రపంచ ప్రథమస్థానం అందుకున్నది. ఆమెకు శిక్షణ ఇచ్చిన పూర్ణిమా మహతో ఈ ఊరి బిడ్డే. 2013లో ద్రోణాచార్య పురస్కారం, 2024లో పద్మశ్రీ పొందారు. మన విజయవాడ నుంచి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో మూడు స్వర్ణాలు గెలిచినది. ఇవన్నీ మేము చెప్పబోతే మా అమ్మాయి తేదీలతో సహా తానే చెప్పినది.

శుక్రవారం సాయంత్రానికి విల్లు సిద్ధమయినది. ఎంత ఇమ్మంటారని అడిగితే పెద్దాయన డబ్బు వద్దన్నాడు. అరిగిన ఆకురాయిని ఎత్తి చూపాడు. శనివారం సాక్చి బజారులో నాలుగు దుకాణాలు తిరిగి, మంచి ఉక్కుతో చేసిన ఆకురాళ్ళు రెండు, బల్లపరుపుది ఒకటి, అరగుండ్రనిది ఒకటి కొని పంపాము. ఎంచడంలో మా వృత్తిధర్మం పూర్తిగా పాటించామని మనవి.

ఆదివారం మైదానంలో ఆ ఇంటిల్లిపాదితో మేమూ ఉన్నాము. కొత్త విల్లు పాతదానికన్న బిరుసు. అలవాటుకు చిక్కినది ఒక్క శనివారమే. యాభై మీటర్లలో మొదటి బాణాలన్నీ పైకి పోయాయి. రెండు గురిపలక దాటి గడ్డిలో పడ్డాయి. ముప్పై మీటర్లకు వచ్చేసరికి చేయి కుదిరి, బాణాలు పసుపు రంగులో ఒకదాని ప్రక్క ఒకటి నిలిచాయి. కాని ముందు పోయినవి పోయినట్లే. లెక్క తేలేసరికి ఆమెది ఏడవ స్థానం. తీసుకున్నది ఆరుగురిని. తేడా రెండు పాయింట్లు.

మేము ఏమీ అనలేకపోయాము. తిరుగుప్రయాణానికి టాటానగర్ స్టేషనులో రైలెక్కించడానికి వచ్చినప్పుడు ఆ అమ్మాయే, “అంకుల్, ఇది పాతదానికన్నా దూరం కొడుతుంది. వచ్చే ఏడాదికి నా చేయి కూడ గట్టిపడుతుంది,” అన్నది. పెద్దావిడ అరిసెల పొట్లం చేతిలో పెట్టి, “మల్లీ రండి బాబూ. వస్తే ఇల్లు మాత్రం ముట్టకండి,” అన్నారు. విల్లు అనబోయి ఇల్లన్నారు. అది వారి యాస.

సంక్రాంతినాడు ఫోను చేసి బేఝా సంగతి అడిగాము. పెద్దాయన పాత విల్లు పందెం ముందురోజే బీటవేసినదట. అమ్మాయి తన విల్లు పట్టుకొని తండ్రితో ఆ పల్లెకు వెళ్ళినదట.

“మరి తాతగారు కొట్టారా అమ్మా?”

“లేదంకుల్. ఆయన బాణం బోదె ప్రక్కనుంచి పోయింది. తరువాత వాళ్ళ మనవడు అడిగి తీసుకున్నాడు. వాడు కొట్టాడు.”