పాత యెజ్డీ బండి: బాగు చేయించడమా, మార్చడమా?

మన సరిహద్దు తాలూకాల్లో ఏ ఊరికి పోయినా ఒకటో రెండో పాత యెజ్డీ బండ్లు కనిపిస్తాయి. కొన్ని ఇంకా తిరుగుతుంటాయి. కొన్ని పశువుల కొట్టంలో గోనెపట్టా కప్పుకొని నిలబడి ఉంటాయి. పెద్దాయన అమ్మనివ్వడు, కొడుకు బాగు చేయించడు. మెకానిక్కు చెప్పిన ఖర్చు విని ఇద్దరూ గమ్మునుండిపోతారు. అలాంటి బండిని ఏం చేయాలన్నదే ఈనాటి ప్రసంగ విషయం. నేను మెకానిక్కును కాను, బడిలో లెక్కలూ సైన్సూ చెప్పేవాణ్ణి. అయితే ఈ సమస్యలో ముప్పాతిక వంతు లెక్కలూ సైన్సే గనక మాట్లాడటానికి ధైర్యం చేస్తున్నాను.

ఈ బండి మన పక్కింటి బిడ్డ. చెకొస్లొవేకియా వారి జావా మోటారు సైకిలును 1960 దశకం మొదట్లో మైసూరులో ఐడియల్ జావా కంపెనీ తయారు చేయడం మొదలుపెట్టింది. తర్వాతి దశకంలో అదే బండికి యెజ్డీ అని పేరు మారింది. అందులో రోడ్‌కింగ్ అనే రకం వచ్చాక కుర్రకారుకు పిచ్చి పట్టింది. 250 సి.సి. టూ స్ట్రోక్ ఇంజను, రెండు సైలెన్సర్లు, పదహారు హార్స్‌పవర్ల బలం. కిక్కు కొట్టే కడ్డీనే ముందుకు వంచితే గేరు కడ్డీ అయ్యేది. కారు కొనే తాహతు ఎవరికీ లేని ఆ రోజుల్లో మన పల్లెల వాళ్ళకు స్పోర్ట్స్ కారంటే అదే. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది. అంటే అన్నిటికంటే చిన్న యెజ్డీకి కూడా ముప్ఫై ఏళ్ళ వయసు వచ్చినట్టే.

మా బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఒకరున్నారు, పి.టి. మాస్టారు అంటాం. వాళ్ళ నాన్నగారు ఒక ఏడు శెనక్కాయల పంట బాగా వస్తే ఆ డబ్బుతో రోడ్‌కింగ్ కొన్నారట. ఆయన పోయాక బండి ఈయన చేతికి వచ్చింది. రోజూ రానూ పోనూ ముప్ఫై ఆరు కిలోమీటర్లు దానిమీదే. ఆ మధ్య బండి తెల్లటి పొగ కక్కడం మొదలుపెట్టింది. ఒక షెడ్డులో చూపిస్తే, ఇంజను మొత్తం విప్పాలి, పిస్టనూ క్రాంకూ అన్నీ పోయాయి, నలభై వేలవుతుంది అన్నారు. కూతురు నర్సింగులో చేరింది, ఫీజు కట్టవలసిన నెల అది. ఆయన బండిని గుజిరీ అంగడికి వేసేద్దామనే దాకా వచ్చారు.

ఇక్కడ కొంచెం సైన్సు కావాలి. టూ స్ట్రోక్ ఇంజనులో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం నేరుగా సిలిండరులోకి పోదు. ముందు క్రాంకు తిరిగే గదిలోకి వస్తుంది. పిస్టను కిందికి దిగేటప్పుడు ఆ మిశ్రమాన్ని నొక్కి, పక్క దారుల గుండా పైకి నెడుతుంది. కాబట్టి ఆ గదిలోకి గాలి చొరబడకూడదు. క్రాంకు రెండు కొసల దగ్గరా రబ్బరు సీళ్ళు ఉండేది అందుకే. ఏళ్ళు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడి పగులుతుంది. క్లచ్చు వైపు సీలు పోతే గేర్‌బాక్సు ఆయిలు లోపలికి పీల్చుకుపోయి కాలుతుంది. తెల్లపొగ దానిది. డైనమో వైపు సీలు పోతే పొగ రాదు, బయటి గాలి చొరబడుతుంది. మిశ్రమం పలచబడి ఇంజను వేడెక్కి ఒక్కసారిగా పిస్టను పట్టేస్తుంది. పొగ వచ్చే జబ్బు కంటే పొగ రాని జబ్బే ప్రమాదం.

మరి ఇంజను విప్పకుండా ఇది తేల్చుకోవచ్చా? చాలావరకు వీలవుతుంది. గేర్‌బాక్సులో ఆయిలు సరిగా నింపి, వంద రెండు వందల కిలోమీటర్లు తిప్పి, మళ్ళీ మట్టం చూడండి. కింద ఎక్కడా కారకుండా మట్టం తగ్గిందంటే సీలును అనుమానించాలి. కిక్కు కొట్టేటప్పుడు కాలికి గట్టిగా ఎదురు తగులుతోందా, మెత్తగా దిగిపోతోందా చూడండి. మెత్తగా దిగితే రింగులో, సిలిండరో అరిగిందన్నమాట. ఇంజను మీద భారం పడినప్పుడు లోపల టక్‌టక్‌మని కొట్టుకుంటుంటే కనెక్టింగ్ రాడ్డు బేరింగు సంగతి చూడాలి. అదైతేనే నిజంగా పెద్ద ఖర్చు.

పి.టి. మాస్టారు వేరే ఊళ్ళో ఒక పెద్దవయసు మెకానిక్కుకు చూపించారు. ఆయిలు మట్టం తగ్గుతోంది, కిక్కు గట్టిగానే ఉంది, కొట్టుకునే చప్పుడు లేదు. సీళ్ళు మార్చి, సైలెన్సర్లలో పేరుకున్న మసి కాల్చి, ప్లాటినం పాయింట్లు సరిచేసేసరికి ఆరు వేల చిల్లర అయింది. చింత చచ్చినా పులుపు చావలేదన్నట్టు బండి మళ్ళీ పలికింది. మొదటి షెడ్డు వాళ్ళు మోసం చేశారని నేననను. పాత టూ స్ట్రోకు బండి తెలిసిన చేతులు తగ్గిపోయాయి. తెలియనివాళ్ళకు మొత్తం విప్పడమే సులువు. అందుకే ఇంజను విప్పకముందే ఇద్దరికి చూపించి, ఏ సామాను మారుస్తారో కాగితం మీద రాయించుకోండి. విప్పాక బేరం మన చేతిలో ఉండదు.

సామాన్ల విషయం చెప్పుకోవాలి. బెంగళూరు జె.సి. రోడ్డులోనూ, పాత సామాన్ల అంగళ్ళలోనూ యెజ్డీ భాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. కొత్తగా పోత పోసినవి కొన్ని బాగుంటాయి, కొన్ని నాసి. సిలిండరు అరిగితే రీబోరు చేయించి ఒక సైజు పెద్ద పిస్టను వేస్తారు. అలా కొన్నిసార్లే వీలవుతుంది, ఆ తర్వాత లోపల కొత్త స్లీవు దిగ్గొట్టాలి. మీ బండికి ఇప్పటికి ఎన్ని బోర్లయ్యాయో తెలుసుకోకుండా ఖర్చు అంచనా వేయలేరు. ఇంకో మాట. 2018లో జావా, 2022లో యెజ్డీ పేర్లతో మళ్ళీ బండ్లు వచ్చాయి. వేరే కంపెనీ, మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో తయారీ, ఫోర్ స్ట్రోక్ ఇంజను. పేరు ఒకటే గానీ ఆ ఇంజను సామాను దీనికి పనికిరాదు.

ఇక లెక్క. లీటరు పెట్రోలు నూరు రూపాయలనుకుందాం. పాత బండి లీటరుకు 25 కిలోమీటర్లు, కొత్త చిన్న బండి 60 ఇస్తాయనుకుందాం. నెలకు 900 కిలోమీటర్లు తిరిగే మాస్టారికి పాతదానితో 36 లీటర్లు, కొత్తదానితో 15. తేడా నెలకు 2,100 రూపాయలు. బడి సెలవులు తీసేసి పది నెలలకు 21,000. అదే నెలకు 60 కిలోమీటర్లు మాత్రమే తిరిగే రైతును తీసుకోండి. తేడా లీటరున్నర కూడా లేదు, ఏడాది మొత్తానికి 1,700 రూపాయల లోపే. మైలేజి కోసమని ఆయన 90,000 పోసి కొత్త బండి కొంటే, నూటికి పది చొప్పున వడ్డీయే ఏడాదికి 9,000. మిగిలేదేమీ లేదు సరికదా, చేతిది పోతుంది. మాస్టారైనా కొత్తది కొనలేదు. 45,000 పెట్టి సెకండ్ హ్యాండు ఫోర్ స్ట్రోకు బండి తీసుకున్నారు. వడ్డీ 4,500 పోయినా ఏడాదికి 16,500 ఆదా, మూడేళ్ళ లోపల అసలు తిరిగొస్తుంది. రోడ్‌కింగును ఆదివారాలకు ఉంచుకున్నారు.

ఈ లెక్కలో ఇదివరకు పెట్టిన ఖర్చును చేర్చకూడదు. పోయిన సంవత్సరం పదివేలు పోశాను, ఇప్పుడు వదిలితే అది దండగ కదా అంటారు. వదిలినా వదలకపోయినా ఆ పదివేలు రావు. ఇకమీద పెట్టేది ఎంత, వచ్చేది ఎంత అన్నదొక్కటే చూడాలి. నాన్న జ్ఞాపకం అంటారా, దానికి విలువ లేదని నేననను. దానికి ఏడాదికి ఎంత ఇవ్వగలరో ఇంట్లోవాళ్ళు కూర్చుని అనుకోవాలి. కొత్తది కొనేవారు పాత ధరలు పట్టుకుని కూర్చోవద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సి.సి. లోపు బండ్ల మీద జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి దిగింది.

ఉంచుకునేవారు పెట్రోలు సంగతి గమనించాలి. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ప్రారంభమై, ఇప్పుడు బంకుల్లో ఎక్కువగా అదే దొరుకుతోంది. ఇథనాల్ పాత రబ్బరు పైపులను ఉబ్బిస్తుంది, గాలిలోని తేమను పీలుస్తుంది. నెలల తరబడి నిలబెడితే నీరూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగుకు చేరి తుప్పు పట్టిస్తాయి. అందువల్ల రబ్బరు పైపులు కొత్తవి వేయించి, నిలబెట్టే ముందు ట్యాంకూ కార్బురేటరూ ఖాళీ చేయండి. ఇంజను ఎంత బాగున్నా, హ్యాండిలు మెడ దగ్గర చాసిస్ చీలి ఉంటే మాత్రం ఆ బండి ఎక్కవద్దు.

చివరగా కాగితాలు. సొంత బండి రిజిస్ట్రేషను పదిహేనేళ్ళకు ముగుస్తుంది, ఆ తర్వాత అయిదేళ్ళకొకసారి పొడిగించుకోవాలి. ద్విచక్ర వాహనానికి ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో 300 నుంచి 1,000 అయింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్ళు దాటినవాటికి 2,000 చేశారు. యాభై ఏళ్ళు దాటి అసలు రూపంలో ఉన్న జావాలకు 2021 నుంచి వింటేజ్ రిజిస్ట్రేషను సౌకర్యం ఉంది. రుసుము 20,000, పైగా ఆ బండిని రోజువారీ పనికి వాడకూడదు.

మన సరిహద్దువాళ్ళకు ఇంకో చిక్కుంది. పావగడలో కొన్న బండి హిందూపురం అల్లుడింట్లో తిరుగుతుంటుంది. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండి వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలన్నది చట్టం. దానికి ముందు సొంత ఆర్.టి.ఓ. కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం, అంటే ఎన్.ఓ.సి., తెచ్చుకోవాలి. అమ్మేటప్పుడైనా ఇది లేకపోతే మంచి ధర రాదు. సామానుకు వేసేవారు గుర్తింపు ఉన్న స్క్రాపింగు కేంద్రంలో వేస్తే ఒక సర్టిఫికెట్ ఇస్తారు. దానితో కొత్త బండి రోడ్డు టాక్సులో 25 శాతం వరకు రాయితీ ఇచ్చే వీలుంది, ఎంతన్నది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. గుజిరీ అంగట్లో తూకానికి వేసినా, పద్నాలుగు రోజుల లోపల ఆర్.టి.ఓ.కు రాసిచ్చి, ఆర్.సి. అప్పగించి రిజిస్ట్రేషను రద్దు చేయించుకోండి. లేదంటే బండి ముక్కలైపోయినా, ఆ నంబరుకు జవాబు చెప్పవలసింది మీరే.