పాత కారు వయసు పిస్టన్ రింగుల్లో తెలుస్తుంది

తక్కువ డబ్బుతో పాత కారు కొనేవారికి అన్నిటికన్నా పెద్ద ఖర్చు తెచ్చిపెట్టేది అరిగిన ఇంజిన్. పల్నాడులో నరసరావుపేటలోనైనా మాచర్లలోనైనా బేరం మాత్రం మీటరు దగ్గరే మొదలవుతుంది. మీటరుకు తెలిసింది దూరం ఒక్కటే. కోటప్పకొండ తిరునాళ్లలో ఏసీ వేసి గంటల తరబడి నిలిపిన అద్దె కారు ఇంజిన్ నిమిషానికి 800 చుట్ల చొప్పున తిరుగుతూనే ఉంటుంది, మీటరు కదలదు. పైగా ఎలక్ట్రానిక్ మీటరును వెనక్కి తిప్పడం నిమిషాల పని.

అరుగుదల జాడ పిస్టన్ రింగుల దగ్గర దొరుకుతుంది. పిస్టన్‌కూ సిలిండర్ గోడకూ మధ్య సందు తప్పనిసరి. వేడికి వ్యాకోచించే పిస్టన్ సందు లేకుంటే పట్టేస్తుంది. ఆ సందును మూసేవి గాడుల్లో కూర్చునే రింగులు. పైవి వాయువును ఆపుతాయి, కిందిది గోడ మీది నూనెను గీకి దించుతుంది. తొలినాళ్లలో చాలా ఆవిరి యంత్రాల పిస్టన్లకు నార తాళ్లు చుట్టి బిగించేవారు. ఎంత బిగిస్తే ఆవిరి అంత ఆగుతుందనుకున్నారు. బిగించేకొద్దీ రాపిడి పెరిగి నార అరిగిపోయేది. 1850లలో ఇంగ్లండు రైలింజిన్ల ఇంజినీరు జాన్ రామ్స్‌బాటమ్ ఒకచోట తెగి ఉన్న లోహపు రింగుతో ఆ చిక్కు తీర్చాడు. కారు ఇంజిన్‌లో రింగు సొంత స్ప్రింగు బలం కొంచెమే. మండిన వాయువు గాడిలోకి దూరి, రింగు వెనక చేరి, దాన్ని గోడకు అదుముతుంది. తప్పించుకోజూసే పీడనమే దారి మూసుకుంటుంది! మంట బలంగా ఉన్నప్పుడు మూత గట్టిపడుతుంది, మంట లేనప్పుడు రాపిడి తగ్గుతుంది. కారు మొత్తంలో ఇంత అందమైన ఏర్పాటు మరొకటి లేదు.

గంటకు సగటున 40 కిలోమీటర్ల వేగంతో, నిమిషానికి 2000 చుట్లతో లక్ష కిలోమీటర్లు నడిచిన ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 15 కోట్ల సార్లు మండి ఉంటుంది. అన్నిసార్లూ రింగును కాపాడేది పలచటి నూనె పొర. ఆ పొరను దాటి గీసేది దుమ్ము. పల్నాడులో అది రెండు రకాలు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల చుట్టూ, నాపరాతి క్వారీల దగ్గరా లేచే సున్నపురాతి పొడిలోని కాల్సైట్ కాఠిన్యం మోస్ కొలమానంలో 3. పోత ఇనుము అంతకన్నా గట్టిది. రోడ్డు మట్టిలోని ఇసుక, అంటే క్వార్ట్జ్, 7. రింగులను తినేది ఇదే. బానెట్ కింద తెల్లగా పేరుకున్న పొడిని చూసి ఇంజిన్ పోయిందనుకోవడం పొరపాటు. అది ముఖ్యంగా ఎయిర్ ఫిల్టర్‌ను పూడుస్తుంది. ఫిల్టర్ దాటాక ఉండే గొట్టంలో వేలు పెట్టి చూడాలి. అక్కడ మట్టి అంటితే ఆ కారు వదిలేయడమే మేలు.

రింగులు అరిగితే వాయువు కిందికి జారి, ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీసినప్పుడు పొగ గుప్పున తన్నుకొస్తుంది. మెకానిక్కులు దీన్ని ‘బ్యాక్ కంప్రెషన్’ అంటారు. చిక్కటి ఆయిల్ పోసి దీన్ని కొంత దాచవచ్చు. అందుకే అసలు పరీక్ష ఇంజిన్ బాగా వేడెక్కాక చేయాలి. పెట్రోల్ కారులో స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఇంధనం, స్పార్క్ ఆపి, ఒక్కో సిలిండర్‌కు కంప్రెషన్ గేజ్ పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టాలి. ఒక సిలిండర్ బాగా తక్కువ చూపితే అందులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. ముల్లు బాగా పైకి లేస్తే రింగులో, బోరో అరిగినట్టు. నూనె ఆ సందును కాసేపు పూడ్చింది. లేవకపోతే దోషం వాల్వుల్లోనో హెడ్ గాస్కెట్‌లోనో ఉంది. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే ముందు అనుమానించాల్సింది వాటి మధ్య గాస్కెట్‌ను.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడలో ముంచిన కార్ల వంటివాటికీ ఈ గేజ్ పనికొస్తుంది. సిలిండర్‌లో నీళ్లుండగా సెల్ఫ్ కొడితే నీరు అణగదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆ పిస్టన్ ఇక పైదాకా చేరదు కనుక ఆ ఒక్క సిలిండర్‌లోనే పీడనం తగ్గుతుంది.

పొగ రంగూ చూడాలి. నీలం పొగ అంటే నూనె కాలుతున్నట్టు, ఆగని తెల్ల పొగ అంటే కూలెంట్ కారుతున్నట్టు. పొద్దున్నే కాసేపు వచ్చే తెల్లటిది మాత్రం నీటి ఆవిరే; లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. పొగను చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసినప్పుడు చూడాలి కాబట్టి, ఇంజిన్‌ను ముందే వేడిచేసి ఉంచారేమో బానెట్ మీద చెయ్యి పెట్టి చూడాలి.

ఇంత చవకైన పరీక్షను అడిగేవారు తక్కువ, ప్లగ్గులు విప్పనిచ్చే అమ్మకందారులు ఇంకా తక్కువ. సీటు కవర్లకూ టచ్ స్క్రీనుకూ దక్కే శ్రద్ధ సిలిండర్లకు దక్కదు. ఇక కాగితాలు. ఆర్సీ మీద ఫైనాన్స్ ఉంటే కొట్టేయించాకే డబ్బివ్వాలి. 15 ఏళ్లు దాటితే ఆర్సీ రెన్యువల్ కావాలి. నాగార్జునసాగర్ అవతల తెలంగాణలో కొన్న కారును 12 నెలలకు మించి ఆంధ్రప్రదేశ్‌లో ఉంచాలంటే ఎన్‌ఓసీ, కొత్త నంబరు, ఇక్కడి పన్ను తప్పవు. ఆ మొత్తాన్ని బేరానికి ముందే ధరలో కలుపుకోవాలి.