ఆగిపోయే ముందు కంప్యూటరు చెప్పే మాట

ఇంట్లో సిస్టం నీలి తెర చూపి పదే పదే ఆగిపోతోందని రిపేరు షాపుకి మోసుకెళ్తే, కౌంటరు వెనకున్న కుర్రాడు సగం విని చెప్పే వైద్యం ఒకటే: "ఫార్మాట్ కొట్టేద్దాం సార్." హైదరాబాద్‌లో అయినా, జిల్లా కేంద్రంలో బస్టాండు పక్కన అయినా ఈ మాట పెద్దగా మారదు. ఫార్మాట్ కొట్టాక వారం పది రోజులు బాగానే నడుస్తుంది. ఆ తర్వాత సరిగ్గా పిల్లవాడు ప్రాజెక్టు ప్రింటు తీయబోయే వేళకి మళ్ళీ అదే నీలి తెర. ఖర్చయింది, పాత ఫొటోలు పోయాయి, జబ్బు మాత్రం అలాగే ఉంది.

ఫార్మాట్ మీద నాకు కోపమేమీ లేదు. కొన్నిసార్లు పనిచేస్తుంది కూడా. కానీ జబ్బేమిటో తెలియకుండా వేసే మందు అది. నీలి తెర మీద నాలుగు ముక్కలు రాసి ఉంటాయి, వాటిని చదివేవాళ్ళు బహు తక్కువ. ఆ తెర ఎందుకు పుట్టిందో తెలిస్తే ఆ నాలుగు ముక్కల విలువ తెలుస్తుంది.

డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పేరు తెచ్చుకున్న డేవ్ కట్లర్ 1988లో మైక్రోసాఫ్ట్‌కి వచ్చి, ఓ కొత్త ఆపరేటింగ్ సిస్టంకి పునాది వేశాడు. అదే విండోస్ ఎన్టీ. 1993 జూలైలో బయటికొచ్చింది. అందులో మామూలు ప్రోగ్రాములు ఒక గీతకి అవతల ఉంటాయి, ఆపరేటింగ్ సిస్టంకి గుండెకాయ లాంటి కెర్నెల్ ఇవతల ఉంటుంది. వర్డ్ తప్పు చేసినా, ఏదో గేము తప్పు చేసినా కెర్నెల్ దాన్నొక్కదాన్నే మూసేసి మిగతా పని సాగిస్తుంది. తప్పు కెర్నెల్లోనే జరిగితే? లేదా పరికరాల్ని నడిపే, కెర్నెల్‌తో సమానంగా హక్కులున్న డ్రైవర్లో జరిగితే? అప్పుడు సర్దడానికి పైన ఇంకెవరూ లేరు. మెమరీలో ఏ సమాచారం మంచిదో, ఏది చెడిపోయిందో నమ్మకం లేదు. అలాగే సాగనిస్తే ఆ చెడ్డ సమాచారం డిస్కుకెక్కి ఫైళ్ళనీ పాడుచేస్తుంది. అందుకే కెర్నెల్ అన్నీ ఒక్కసారిగా ఆపేస్తుంది, ఎందుకు ఆపిందో తెర మీద రాస్తుంది, ఆ క్షణాన మెమరీలో ఉన్నదాన్ని డిస్కులో ఒక ఫైలుగా దాచిపెడుతుంది. ఇంట్లో ఫ్యూజు పోతే ఫ్యూజుని తిట్టం కదా, ఎక్కడ షార్టయిందో వెతుకుతాం. ఇదీ అంతే.

ఎన్టీలో ఆ తెర రాసినవాడు జాన్ వెర్ట్. నీలమే ఎందుకంటే, కారణం చాలా మామూలుది. అప్పట్లో ఆయన వాడిన మిప్స్ కంప్యూటరు ఆన్ చేయగానే నీలం మీద తెల్ల అక్షరాలు చూపేది. ప్రోగ్రాము రాసుకునే స్లిక్‌ఎడిట్‌లోనూ నీలం మీద తెలుపే. ఆగిపోయినప్పుడు కూడా అదే రంగు ఉండనీ అనుకున్నాడు. 2014లో కొన్ని పత్రికలు ఈ తెరని మైక్రోసాఫ్ట్‌కి అధిపతిగా పనిచేసిన స్టీవ్ బామర్ రాశాడని అచ్చేశాయి. బామర్ రాసింది వేరే: విండోస్ 3.1లో కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ కలిపి నొక్కితే వచ్చే తెరలోని వాక్యాలు. విండోస్ 95లోని నీలి తెరకి చివరి రూపం ఇచ్చినవాడు మైక్రోసాఫ్ట్ ఇంజినీరు రేమండ్ చెన్. అలా ఒకే రంగులో మూడు తెరలు, ముగ్గురు తండ్రులు.

ఈ తెర లోకప్రసిద్ధమైంది మాత్రం 1998 ఏప్రిల్లో, షికాగోలో జరిగిన కామ్‌డెక్స్ కంప్యూటర్ల ప్రదర్శనలో. ఇంకా మార్కెట్లోకి రాని విండోస్ 98 గొప్పలు చూపిస్తూ మైక్రోసాఫ్ట్ ఉద్యోగి క్రిస్ కాపొసెలా ఒక స్కానర్ తగిలించాడు. పక్కన బిల్ గేట్స్, ఎదురుగా నిండు సభ. వెనకాల పెద్ద తెర నీలంగా మారిపోయింది. అందుకే ఇంకా దీన్ని విడుదల చేయలేదన్నట్టు గేట్స్ చమత్కరించి గండం గట్టెక్కించాడు. తగిలించగానే పడిపోయిందని గుర్తుపెట్టుకోండి. కొత్త వస్తువు, దాని డ్రైవరు, వెంటనే పతనం. తర్వాతి పాతికేళ్ళలో ఇళ్ళల్లో జరిగినవాటిలో చాలా భాగం ఇదే వరస.

2001లో విండోస్ ఎక్స్‌పీ రాకతో ఎన్టీ కెర్నెల్ మామూలు ఇళ్ళలోకి అడుగుపెట్టింది. దానితోపాటు, ఆగిపోయిన వివరాల్ని కంపెనీకి పంపమంటారా అని అడిగే చిన్న పెట్టె కూడా వచ్చింది. చాలామంది విసుగుతో వద్దని నొక్కేవారు. పంపినవాళ్ళ పుణ్యాన ఒక విచిత్రం బయటపడింది. 2002లో బామర్ ఒక లేఖలో రాశాడు: నూటికి 20 లోపాలే 80 శాతం పతనాలకి కారణం, ఒక్క శాతం లోపాలే సగం పతనాలకి కారణం. ఎక్స్‌పీ పతనాల్లో 85 శాతం డ్రైవర్ల వల్లేనని 2003 నాటి పరిశోధనా పత్రం ఒకటి చెప్పింది. డ్రైవర్లు రాసేది ఎక్కువగా బయటి కంపెనీలవాళ్ళు. ఆ కోడుని నడపకుండానే గణితంతో తప్పులు పట్టే పనిముట్టుని మైక్రోసాఫ్ట్ పరిశోధకులు థామస్ బాల్, శ్రీరామ్ రాజమణి కలిసి తయారుచేశారు. పేరు స్లామ్. దాని మీద కట్టిందే డ్రైవర్లు రాసేవాళ్ళకి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన స్టాటిక్ డ్రైవర్ వెరిఫయర్. రాజమణి తర్వాత బెంగుళూరులోని మైక్రోసాఫ్ట్ పరిశోధనశాలకి అధిపతి అయ్యారు.

డ్రైవర్ల గోల తగ్గుతున్నకొద్దీ, సాఫ్ట్‌వేర్‌తో తేలని పతనాలు పైకి తేలాయి. రేమండ్ చెన్ 2005లో చెప్పిన ఉదంతం ఒకటుంది. ఇళ్ళ నుంచి వచ్చిన నివేదికల్లో కొన్ని, ప్రాసెసర్ తన లోపలి ఒక గదిని సున్నా చేసుకునే ఆదేశం దగ్గర ఆగిపోయాయి. ఆ ఆదేశానికి మెమరీతో పనిలేదు, ఏ డ్రైవరుతోనూ పనిలేదు. తప్పు జరగడానికి చోటే లేదు. పంపినవాళ్ళని ఈమెయిలు రాసి అడిగితే, చాలామంది ప్రాసెసర్‌ని దాని హద్దు మించిన వేగంతో, అంటే ఓవర్‌క్లాక్ చేసి, నడుపుతున్నామన్నారు. మేమేం చేయలేదన్నవాళ్ళలో కొందరి కంప్యూటర్లని ఆరా తీస్తే, చిన్న షాపులవాళ్ళు తక్కువ వేగం చిప్పుని పెంచి, ఎక్కువ వేగం సిస్టం అని అమ్మేశారని తేలింది. పాపం, వాళ్ళు ఎన్ని ఫార్మాట్లు కొట్టించుకుని ఉంటారో.

నా లెక్కలో ఈ కథకంతటికీ కీలకం 2011 నాటి ఒక అధ్యయనం. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు నైటింగేల్, డౌసర్, ఆర్గోవన్ పది లక్షల ఇళ్ళ కంప్యూటర్ల నివేదికలు జల్లెడ పట్టారు. ఎనిమిది నెలల్లో ప్రాసెసర్ మొత్తం కనీసం 30 రోజుల పాటు పనిచేసిన సిస్టాల్ని తీసుకుంటే, ప్రాసెసర్ విభాగంలో లోపం వల్ల ఒకసారి పడిపోయే అవకాశం 190లో ఒకటి. అంటే చాలా తక్కువ. ఒకసారి పడిపోయిన సిస్టం రెండోసారి పడే అవకాశం మాత్రం 3.3లో ఒకటి! వేగం పెంచినవి ఎక్కువ పడ్డాయి, నిర్ణీత వేగం కంటే తగ్గించి నడిపినవి గట్టిగా నిలబడ్డాయి. ల్యాప్‌టాప్‌లు డెస్క్‌టాప్‌ల కంటే నమ్మకస్తులని కూడా తేలింది. హార్డ్‌వేర్ వల్ల ఒకసారి ఆగిన యంత్రాన్ని "ఏదో అయిందిలే" అని వదిలేయడానికి లేదన్నమాట.

మెమరీ దగ్గర ఇది మరీ స్పష్టం. ఐబీఎమ్‌లో రాబర్ట్ డెన్నార్డ్ 1966లో ఊహించి, 1968లో పేటెంటు పొందిన మెమరీ గడిలో ఉండేవి రెండే: ఒక ట్రాన్సిస్టరు, విద్యుదావేశం దాచుకునే ఒక బుల్లి కెపాసిటరు. ఆవేశం ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఆ ఆవేశం నిలవదు, కారిపోతూనే ఉంటుంది. అందుకే ప్రతి గడినీ మామూలుగా 64 మిల్లీసెకన్లకోసారి చదివి మళ్ళీ నింపుతారు. 8 జీబీ ర్యామ్‌లో ఇలాంటి గడులు దాదాపు 6,870 కోట్లు. వాటిలో ఒక్కటి బలహీనపడి 64 మిల్లీసెకన్లు కూడా ఓపలేకపోతే, అందులో ఈ రోజు ఏ సమాచారం పడిందో దాన్నిబట్టి దెబ్బ ఉంటుంది. సినిమా ఫ్రేమొకటి పడితే ఒక చుక్క రంగు మారుతుంది, ఎవరూ గమనించరు. కెర్నెల్ వాడుకునే చిరునామా పడితే నీలి తెర.

మెమరీ తప్పులకి ఊహించని కారణాలు కూడా ఉన్నాయి. 1978లో ఇంటెల్‌లో తిమోతీ మే, ముర్రే వుడ్స్ తమ చిప్పుల్లో అంతుపట్టని తప్పులకి మూలం వెతుకుతూ, చిప్పుని కప్పిన పింగాణీ తొడుగులో ఉన్న యురేనియం, థోరియం ఆనవాళ్ళ దగ్గర తేలారు. వాటి నుంచి వెలువడే ఆల్ఫా కణాలు గడిలోని సున్నాల్నీ ఒకట్లనీ తారుమారు చేస్తున్నాయి. ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలూ ఆ పని చేయగలవు. ఈ కథ చదివినవాళ్ళు తమ ఇంటి సిస్టం గురించి కూడా కాస్మిక్ కిరణాల్నే అనుమానిస్తారు. కానీ కిరణం తగిలిన గడి మళ్ళీ రాస్తే బాగైపోతుంది, అదే గడి మళ్ళీ తప్పు చేయదు. 2009లో గూగుల్ సర్వర్ల మీద జరిగిన పరిశోధనలో, ఏడాదిలో 8 శాతానికి పైగా ర్యామ్ కడ్డీల్లో తప్పులు కనబడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం చిప్పులోని శాశ్వత లోపాలవేనని పరిశోధకులు తేల్చారు. పదే పదే పడుతుంటే నేరం నింగిది కాదు, కడ్డీది.

కేసు పట్టే పద్ధతి ఇక్కడే దొరుకుతుంది. పడిన ప్రతిసారీ తెర మీది కోడు, దాని పక్కన రాసిన ఫైలు పేరు రాసి పెట్టుకోవాలి. ఎన్నిసార్లు పడినా ఒకే కోడు, ఒకే డ్రైవరు ఫైలు అయితే, ఆ డ్రైవరు సంగతి చూడాలి: తీసేసి పాతది వేయడమో, కొత్తది తెచ్చుకోవడమో. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్, ఇంకోసారి పేజ్ ఫాల్ట్, మరోసారి పేరే వినని కోడు, ప్రతిసారీ వేరే ఫైలు అయితే, ఇన్ని డ్రైవర్లు ఒకేసారి చెడిపోయే అవకాశం లేదు. అన్నీ కలిసి వాడుకునేదాన్ని, అంటే ర్యామ్‌నీ, ప్రాసెసర్‌నీ, కరెంటునీ అనుమానించాలి. నాకు తెలిసి షాపుల్లో ఎక్కువ పొరపాటు జరిగేది ఒక చోట. ఫైలు పేరు దగ్గర ఎన్టీఓఎస్‌కెర్నెల్ అని కనబడితే "విండోస్ కరప్ట్ అయింది" అంటారు. అది కెర్నెల్ సొంత ఫైలు. తప్పు పట్టుకున్నది కూడా అదే కాబట్టి దాని పేరు కనబడుతుంది. ఫిర్యాదు చేసినవాణ్ణే జైల్లో పెడితే ఎలా?

అసలు నీలి తెరే రాకుండా, స్విచ్ కట్టేసినట్టు టక్కున ఆగిపోతే దారి వేరు. అది కెర్నెల్ ఆపింది కాదు, దానికి ఆపే వ్యవధి కూడా దొరకలేదు. కరెంటు అందించే ఎస్ఎమ్‌పీఎస్ అలిసిపోయి ఉండొచ్చు, మదర్‌బోర్డు మీద కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉండొచ్చు, లేదా ప్రాసెసర్ వేడెక్కి తనంతట తాను ఆరిపోయి ఉండొచ్చు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గదిలో పెట్టిన డెస్క్‌టాప్ పక్కపలక విప్పి చూడండి. ప్రాసెసర్‌ని చల్లబరిచే హీట్‌సింక్ రేకుల సందుల్లో బొంతలా పేరుకున్న దుమ్ము, దాని కింద ఎండి పెచ్చులూడే తెల్లటి పేస్టు. దుమ్ము దులిపి కొత్త పేస్టు రాస్తే కొన్ని కేసులు అక్కడే మూతపడతాయి. ర్యామ్ తీసి దాని బంగారు పూత పళ్ళని పెన్సిలు రబ్బరుతో రుద్ది పెట్టే మన మెకానిక్కుల అలవాటుని కూడా నేను కొట్టిపారేయను. పట్టిన మకిలి వదిలి, స్లాటులో పళ్ళు సరిగ్గా ఆనితే చాలాసార్లు పని జరుగుతుంది. రుద్దిన తర్వాత రబ్బరు పొడి దులపాలి, అంతే.

రబ్బరుతో లొంగకపోతే పరీక్ష పెట్టాలి. క్రిస్ బ్రేడీ 1994లో రాసిన మెమ్‌టెస్ట్86 ఇప్పటికీ దొరుకుతోంది. విండోస్ లేకుండా పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా నడుస్తుంది. ప్రతి గడిలో ఒక నమూనా రాసి, చదివి, తిరగేసి మళ్ళీ రాసి చూస్తుంది. రాత్రి పెట్టి పడుకోవచ్చు. పొద్దున ఒక్క ఎర్ర గీత కనబడినా ఆ మెమరీని నమ్మకూడదు, ఒక్కటే కదా అని సర్దుకోవడానికి లేదు. ఆపైన కడ్డీలు ఒక్కొక్కటే పెట్టి, స్లాటు మార్చి చూస్తే, చెడింది కడ్డీయో స్లాటో తేలిపోతుంది.

2024 జూలై 19న మాత్రం ఈ జాగ్రత్తలేవీ పనికిరాలేదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన చిన్న ఫైలొకటి కెర్నెల్లో కూర్చున్న దాని డ్రైవరుకి చేరింది. 20 విలువలే ఇచ్చిన చోట డ్రైవరు 21వది చదవబోయి లేని చిరునామాకి పోయింది. ప్రపంచమంతా దాదాపు 85 లక్షల యంత్రాలు నీలంగా మారాయి. శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. ఇళ్ళలోని సిస్టాలకి ఆ సాఫ్ట్‌వేర్ మామూలుగా ఉండదు కాబట్టి ఇల్లు బతికిపోయింది. ఆ తర్వాత మైక్రోసాఫ్ట్ భద్రతా సాఫ్ట్‌వేర్లని కెర్నెల్ నుంచి బయటికి పంపే పని మొదలుపెట్టింది. 2025లో విండోస్ 11లో నీలి తెరకే సెలవిచ్చి నల్ల తెర పెట్టింది. 2012లో వచ్చిన ఏడుపు మొహం గుర్తు, 2016లో వచ్చిన క్యూఆర్ కోడు పోయాయి. ఆగిన కారణం కోడు, తప్పు చేసిన డ్రైవరు పేరు మిగిలాయి.

కొత్త తెర చాలామందికి సుమారు రెండు సెకన్లే కనబడుతుందట, వెంటనే రీస్టార్ట్. కాగితం మీద రాసుకునే వ్యవధి లేదు. దిగులు పడనక్కర్లేదు. స్టార్ట్ బటన్ నొక్కి రిలయబిలిటీ అని టైపు చేస్తే ఒక క్యాలెండరు లాంటి పట్టిక తెరుచుకుంటుంది. సిస్టం పడిన రోజుల మీద ఎర్ర ఇంటూ గుర్తులుంటాయి. దాని మీద నొక్కితే కోడు, సమయం దొరుకుతాయి. మొదటి ఎర్ర గుర్తు ఏ తేదీన ఉందో చూసి, ఆ వారంలో ఇంట్లో ఏ ప్రింటరు తగిలించారో, ఏ ర్యామ్ అదనంగా వేయించారో, ఏ అప్‌డేట్ వచ్చిందో గుర్తుచేసుకుని, ఆ తర్వాత షాపుకి వెళ్ళండి.