ఏసీ యంత్రముల శుభ్రత: శిక్షణ, యోగ్యతాపత్రము

వేసవి తాపమునకు తాళలేక నేడు పెక్కు గ్రామములందు కూడ ఇండ్లలో ఏసీ యంత్రములను అమర్చుకొనుచున్నారు. ఒకప్పుడు పట్టణములందలి పెద్ద కార్యాలయములకును, సినిమాహాళ్ళకును పరిమితమైన ఈ సౌకర్యము క్రమముగా పల్లెలకు వచ్చినది. యంత్రము వచ్చినంత త్వరగా, దానిని శుభ్రపరుపగల శిక్షితుడైన పనివాడు మాత్రము రాలేదు. ఈ లోటు తీర్చుటలో పంచాయతీ సభ్యులు చేయదగిన పని ఎంతయో కలదు.

యంత్రము పనిచేయు తీరు

ఏసీ యంత్రము చలిని పుట్టించునది కాదు. గదిలోని వేడిని గ్రహించి వెలుపలకు పంపునది. లోపలి గొట్టములలో శీతలద్రవము ఆవిరియగుచు వేడిని పీల్చుకొనును. ఆ ఆవిరిని కంప్రెసరు అదిమి వెలుపలి భాగమునకు పంపగా, అచ్చట అది వేడిని విడిచి మరల ద్రవరూపము దాల్చును. గొట్టముల చుట్టునుండు పలుచని రేకుల నడుమ గాలి ధారాళముగా ఆడిననే ఈ పని సక్రమముగా సాగును.

మన పల్లెలలో రోడ్డు దుమ్ము, నూర్పిళ్ళనాటి పొట్టు, ఊక ఆ రేకుల మధ్య పేరుకొనును. అప్పుడు యంత్రము ఎక్కువసేపు తిరుగును; విద్యుచ్ఛక్తి వ్యయము పెరుగును; గది మాత్రము చల్లబడదు. ఒక్కొక్కప్పుడు గొట్టములపై మంచు కట్టి, గోడ వెంబడి నీరు కారును. తడిసిన దుమ్ములో బూజు పెరిగి దుర్వాసన కూడ పుట్టును. మూసుకుపోయిన జల్లెడను శుభ్రమైన దానితో మార్చినచో ఏసీ వాడు విద్యుత్తులో నూటికి 5 నుండి 15 వంతుల వరకు ఆదా కాగలదని అమెరికా ఇంధన శాఖ తెలుపుచున్నది.

ఎవరి పని ఏది?

గాలి జల్లెడను తీసి, మంచినీటితో కడిగి, నీడన ఆరబెట్టి మరల అమర్చుట ఇంటివారే చేసికొనవచ్చును. వాడుక ఎక్కువగానుండు దినములలో రెండు వారములకొకసారి ఇట్లు చేయుట మేలు. ముందుగా స్విచ్చి కట్టివేయుట మరువరాదు.

అంతకు మించిన పని శిక్షణ పొందినవానికే అప్పగింపవలెను. దీనికి కారణములు లేకపోలేదు. విద్యుత్తు ఆపిన పిదప కూడ యంత్రములోని కెపాసిటరునందు విద్యుత్తు నిలిచియుండి ప్రాణాపాయము కలిగింపగలదు. కొత్త యంత్రములలో వాడు ఆర్-32 వాయువు కొంతమేర మండు స్వభావము కలది. ఆర్-290 అనబడునది ప్రొపేనే, అనగా సులభముగా అంటుకొనునది. అట్టి యంత్రమునొద్ద నిప్పు వెలిగించుటగాని, వాయువును గదిలోనికి వదలుటగాని ప్రమాదకరము. కారుటను పరీక్షించుటకు పొడి నైట్రోజనునే నింపవలెను. ఆక్సిజను నింపినచో అది లోపలి నూనెతో కలిసి ప్రేలిపోగలదు. ఈ సంగతులు తెలియక పనికి దిగిన యువకుడు తన ప్రాణమును, ఇంటివారి ప్రాణములను కూడ పణముగా ఒడ్డుచున్నాడు.

గృహస్థులు గుర్తుంచుకొనదగిన విషయము మరియొకటి కలదు. శీతలవాయువు లాంతరులోని కిరసనాయిలు వలె ఖర్చగునది కాదు. అది మూసిన గొట్టములలో తిరుగుచునే యుండును. తగ్గినదనిన, ఎచ్చటనో కారుచున్నదన్నమాట. కారుచోటు వెదకి అతుకక, ఏటేట వాయువు నింపి సొమ్ము పుచ్చుకొనువాడు పని తెలిసినవాడు కాడు. పాత యంత్రములలోని ఆర్-22 వాయువు గాలిలో కలిసిన ఓజోను పొరకు హాని చేయును. దాని వాడుకను క్రమముగా మాన్పించు 1987 నాటి మాంట్రియల్ ఒప్పందములో మన దేశము 1992లో చేరినది.

శిక్షణ పొందు మార్గములు

పారిశ్రామిక శిక్షణ సంస్థలలో, అనగా ఐ.టి.ఐ.లలో, రిఫ్రిజరేషన్, ఎయిర్ కండిషనింగ్ వృత్తిశాఖ కలదు. పదవ తరగతి ఉత్తీర్ణులు ఇందు చేరవచ్చును. శిక్షణ కాలము రెండు సంవత్సరములు. అఖిల భారత వృత్తి పరీక్షయందు కృతార్థులైనవారికి జాతీయ వృత్తి ధ్రువపత్రము లభించును. తదుపరి 1961 నాటి అప్రెంటిస్ చట్టము ననుసరించి కర్మాగారములలో భృతితో కూడిన అభ్యాసము పొందవచ్చును.

2015లో ఆరంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన క్రింద స్వల్పకాలిక శిక్షణలు ఏర్పడినవి. బడిలో గాక పనిలోనే నేర్చినవారి నైపుణ్యమును పరీక్షించి పత్రమొసగు ఏర్పాటు కూడ ఈ యోజనలో చేర్చబడినది. ఏండ్ల తరబడి మరమ్మతులు చేయుచున్న గ్రామ మెకానిక్కులకు ఇట్టి ఏర్పాటు మిక్కిలి ఉపకరించును. 2019లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక, 2022-23 నాటికి లక్షమంది పనివారికి శిక్షణ, ధ్రువపత్రము ఇప్పించుటను లక్ష్యముగా పెట్టుకొనినది. ఈ వృత్తికి దేశమెంతటి ప్రాధాన్యమిచ్చినదో దీనివలన తెలియగలదు.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

మొదట, పదవ తరగతి ముగించి ఊరకనున్న యువతీయువకుల పట్టిక తయారుచేసి, సమీపపు ఐ.టి.ఐ.లో ప్రవేశముల వేళ వారికి సకాలమున తెలియజేయవలెను. స్త్రీలకు ఈ పని తగదనుట సరికాదు.

రెండవది, పంచాయతీ కార్యాలయమునందలి యంత్రమును శుభ్రపరుప పిలిచినపుడు, పనివాని ధ్రువపత్రమును చూచి, దాని సంఖ్యను, ఇచ్చిన సంస్థ పేరును పుస్తకములో వ్రాసికొనవలెను. పంచాయతీయే అడుగనిచో ఇంటివారు అడుగుదురా?

మూడవది, పత్రమొక్కటి చూచి ఊరకుండరాదు. పనికి ముందు మెయిన్ స్విచ్చి కట్టివేసినాడా, విద్యుత్ పలకపై నీరు పడకుండ కప్పినాడా, ఎత్తున పనిచేయునపుడు నడుమునకు పట్టెడ కట్టుకొనినాడా, వాయువును యంత్రముపై ముద్రించిన తూకము ప్రకారమే నింపినాడా అని గమనింపవలెను. నేర్చినవాడు ఇట్టి ప్రశ్నలకు కినియడు, సంతోషించును.

పని నేర్చిన ఒక్కడు గ్రామముననున్న చాలు, చుట్టుప్రక్కల నాలుగు గ్రామముల యంత్రములు చక్కగా నడచును. అతని కుటుంబమునకు స్థిరమైన జీవనాధారము ఏర్పడును. రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చకు పెట్టి, అర్హులైన వారి పేర్లను అప్పుడే నమోదు చేయించుట సభ్యులకు సాధ్యమైన పనియే.