అత్తమ్మ పెండ్లి చీర, చిన్నబిడ్డ పట్టు లంగా



పోయిన పంట గూళ్లు జాల్నా మార్కెట్లో అమ్ముకొని ఇంటికి వచ్చిన రోజు మా చిన్నబిడ్డ ఒక మాట అడిగింది. "మనం పట్టు పండిస్తం గదా, నాకు పట్టు లంగా ఎందుకు లేదు?" ఎనిమిదేండ్ల పిల్లకు ఏం చెప్తాము! 2018లో జాల్నాలో గూళ్ల మార్కెట్ మొదలైనంక మనకు దూరం తగ్గింది. కానీ చేతికి వచ్చిన పైసలు గుడ్లకు, ఎరువుకు, కూలీలకే సరి.

ఇంట్లో ఉన్న పట్టు ఒక్కటే, అత్తమ్మ పెండ్లి చీర. కొంగు మడతల కాడ పిగిలిపోయింది. "సందూకలో పెట్టి ఏం చేస్తం? కొయ్యండి, బిడ్డ కడితే చూస్త" అన్నది అత్తమ్మ. కానీ కత్తెర పట్టుకుంటే చెయ్యి ఆడలేదు. కిలో ముడిపట్టుకు మంచి బైవోల్టీన్ గూళ్లయినా ఆరేడు కిలోలు పోతాయి. ఆ లెక్క మనకన్నా ఎవరికి తెలుసు?

అందుకే ముందు ఒక పాత నూలు చీర మీద చేసి చూశాము. మడతలకు, కుట్టుకు పోయే గుడ్డ లెక్కేయక లంగా 5 అంగుళాలు పొట్టిదయింది. పట్టు మీద ఆ తప్పు చేసి ఉంటే ఏడుపే.

*కొలత:* కాగితం అచ్చు అక్కర లేదు, ఒక తాడు చాలు. నడుము చుట్టూ కొలిచి ఒక ముడి, నడుము నుంచి చీలమండ దాకా ఇంకో ముడి. మా బిడ్డకు నడుము 22, పొడవు 28 అంగుళాలు.

*గుడ్డ:* చీర అంచే లంగా అంచు. అంచు నుంచి పైకి 28, కుట్టుకు 1, రెండు మడతలకు 4, మొత్తం 33 అంగుళాలు. చుట్టుకు నడుముకు నాలుగింతలు, అంటే దాదాపు రెండుంబావు మీటర్లు తీసుకున్నాము. పిగిలిన కొంగు వదిలేశాము.

*కుట్టు:* ముందు అంచుకు పైన అడ్డంగా రెండు మడతలు కుట్టాలి. ఒక్కో మడత 2 అంగుళాల గుడ్డ మింగుతుంది. తర్వాత పక్క కుట్టు వేసి, పైన 6 అంగుళాలు తెరిచి ఉంచాలి. నడుము పట్టీకి గట్టి నూలు గుడ్డ, 26 పొడవు, 5 వెడల్పు. రెండు కొనలు అంగుళం చొప్పున లోపలికి మలిస్తే 24 మిగులుతుంది. పట్టీని, లంగా పైభాగాన్ని వేర్వేరుగా సగం, సగం, మళ్లీ సగం మలిచి గుర్తులు పెడితే ఎనిమిది భాగాలు అవుతాయి. గుర్తుకు గుర్తు కలిపి, మధ్యలో కుచ్చులు పడితే అన్ని దిక్కులా సమంగా వస్తాయి. లోపల అంగుళం పొట్టిగా నూలు అస్తరు వేసి, పట్టీ మలిచి కుట్టి నాడా దూర్చాలి.

మిషన్‌కు సన్న సూది, 11 నంబరుది పెట్టండి. గుండుసూదులు కుట్టు లోపలే గుచ్చండి, పట్టుకు బొక్కలు కనిపిస్తాయి. ఆకు కోసిన గరుకు చేతులకు పోగులు తగులుకుంటాయి, కడిగి ఆరబెట్టుకొని పట్టండి. ఇస్త్రీ తక్కువ వేడి మీద, పైన నూలు గుడ్డ పరిచి చేయండి. ఒక జాగ్రత్త: సందూక చీరకు కలరా ఉండల వాసన ఉంటుంది, దాన్ని షెడ్డు దగ్గరికి తేవద్దు. మేము పంటకు పంటకు నడుమ, షెడ్డు కడిగి ఖాళీగా ఉంచిన రోజుల్లో ఇంట్లోనే కుట్టాము.

ఆ మడతలు ఎందుకంటే, పురుగు ఒక్కో జ్వరానికి పాత తోలు విడిచి పెద్దదైతది గదా, బిడ్డ పెరిగిన కొద్దీ ఒక్కో మడత కుట్టు విప్పుతాము. ఒకటి విప్పితే 2 అంగుళాలు.

దసరాకు కట్టుకుంది. పక్కింటి మరాఠీ అక్క చూసి "పర్కర్ ఛాన్ ఝాలా" అన్నది. అత్తమ్మ మాత్రం ఏమీ అనలేదు, అంచును చేత్తో నిమిరింది. మిగిలిన చీర పెద్దబిడ్డకు దాచాము.